కుర్చీలోంచి లేవడం

వృద్ధాశ్రమాల్లో సేవ అంటే పెద్దవాళ్లను కదలనివ్వకపోవడమే అనుకుంటారు చాలామంది. ‘మీరు కూర్చోండి మామ్మగారూ, నేను తెస్తాగా’ అనే మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ రోజంతా అదే వింటూ కూర్చుంటే తొడల్లో సత్తువ పోతుంది. తర్వాత నిజంగానే లేవలేరు. ఫిజియోథెరపిస్టుగా నా పోరు ఈ అలవాటుతోనే.

‘ఈ వయసులో ఇంకేం బలం వస్తుంది?’ అంటారు. బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో డాక్టర్ మరియా ఫియాటరోన్ బృందం సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమందితో 8 వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం చేయించింది. చివరిదాకా చేసిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రకటించారు. ఇద్దరికి చేతికర్ర అవసరమే తీరిపోయింది. 1994లో వందమందితో చేసిన పరిశోధనలో ఇంకో సంగతి తేలింది: వ్యాయామం లేకుండా పోషక పానీయం ఒక్కటే ఇస్తే బలం రాలేదు. ప్రొటీన్ పొడి డబ్బా ఇచ్చి వెళ్లిపోయే కొడుకులకు ఇది తప్పక చెబుతాను.

మన దగ్గర యంత్రాలుండవు. కుర్చీ చాలు. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కాబట్టి గోడకు ఆనించాలి. ఎత్తు చాలకపోతే దుప్పటి మడతపెట్టి వేయాలి. పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్లు దాటేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. చాలామంది నిటారుగా కూర్చునే లేవబోతారు, అందుకే వెనక్కి పడిపోతుంటారు. పైకి అంకెలు లెక్కపెట్టమంటాను, ఊపిరి బిగబట్టకుండా ఉంటారని. కూర్చోవడం ఇంకా ముఖ్యం: దభాలున కూలబడకుండా మెల్లగా దిగాలి. వారాలు గడిచి అలవాటయ్యాక దుప్పటి మడతలు ఒక్కొక్కటే తీసేస్తాను.

లేవలేనివాళ్లు కూర్చునే కాలు ముందుకు చాపి, ఐదు అంకెలదాకా నిలపొచ్చు. మతిమరుపు ముదిరినవాళ్లకు సూచనలు బుర్రకెక్కవు. మెత్తటి బంతి విసిరితే చేతులు వాటంతటవే లేస్తాయి. తిన్న వెంటనే మాత్రం వద్దు. గుండెజబ్బు ఉన్నా, ఈమధ్య ఆపరేషన్ అయినా డాక్టరును అడిగాకే.

ఒక పెద్దావిడ నన్ను కోరింది ఒక్కటే: ‘రాత్రిపూట ఆయాను లేపకుండా బాత్రూముకి వెళ్లగలిగితే చాలు నాయనా.’ ఇప్పుడామె గోడకున్న కడ్డీ పట్టుకుని తనే వెళ్తోంది.

ఆదివారం అమ్మానాన్నలను చూడ్డానికి వెళ్లేవాళ్లు వ్యాయామం ఎన్నింటికో కనుక్కుని ఆ సమయానికే వెళ్లండి. పక్కన కుర్చీ వేసుకుని వాళ్లతోపాటు లెక్కపెట్టండి. లేవబోతుంటే చేయి పట్టుకుని లాగకండి.