తొలి మహిళ తర్వాత ఎవరు?

స్త్రీల శాస్త్రజీవితాల గురించి మన పత్రికల్లో వచ్చే రాతలకి ఒక మూస స్థిరపడిపోయింది. ‘తొలి మహిళ’ అన్న శీర్షిక, మంచుకోటులో ఒక ఫోటో, ఎంత చలి, ఎన్ని రోజులు, ఎంతమంది మగవాళ్ల మధ్య, ఇంట్లోవాళ్ల సహకారం. ఇక ఆమె చేసిన పని ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోతుంది. 2018 మార్చిలో మంగళామణి గురించి వచ్చిన వార్తలు మళ్లీ చదువుతుంటే ఈ మూస మరీ స్పష్టంగా కనబడింది.

మంగళామణి హైదరాబాద్‌లో పనిచేసిన ఇస్రో శాస్త్రవేత్త. 2016 నవంబరులో అంటార్కిటికాలోని భారతి కేంద్రానికి వెళ్లి 403 రోజులు అక్కడ ఉన్నారు. 23 మంది బృందంలో ఆమె ఒక్కరే స్త్రీ. ఈ అంకెలన్నీ మనకి కంఠతా వచ్చాయి. ఆ 403 రోజులూ ఆమె చేసిన పనేమిటి? ధ్రువకక్ష్యలో తిరిగే ఉపగ్రహం ప్రతి ప్రదక్షిణలోనూ ధ్రువాల దాపుకి పోతుంది. షాద్‌నగర్‌లో ఉన్న యాంటెనాకి అది రోజుకి కొద్దిసార్లే అందుతుంది. భారతి దగ్గర ఉన్న యాంటెనాకి చాలా ఎక్కువసార్లు అందుతుంది. అక్కడ దింపుకున్న సమాచారం షాద్‌నగర్‌కి చేరుతుంది. హిమాలయాల్లో హిమానీనదాలు ఎంత వెనక్కి జరిగాయో తెలిసేదీ, మన పత్తిచేల విస్తీర్ణం లెక్కకట్టేదీ ఇటువంటి ఉపగ్రహ చిత్రాల సాయంతోనే. మంచు మీద నడిచినవాళ్లదే హిమశాస్త్రం అనుకుంటే, యాంటెనా దగ్గర ఏడాది పైన కాపలా ఉన్న స్త్రీ పని సాహసంగానే మిగులుతుంది, శాస్త్రం లెక్కలోకి రాదు. వంట, వడ్డన, సేవ లెక్కలోకి రాకపోవడం మనకి తెలుసు. ప్రయోగశాలలో కూడా అదే లెక్క నడుస్తోందన్నమాట!

ఈ ‘తొలి’ అన్న మాట సంగతి చూడాలి. 1983లో హర్ష్ గుప్తా నాయకత్వాన వెళ్లిన మూడో భారత అంటార్కిటికా యాత్రలో ఇద్దరు స్త్రీలున్నారు: భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా, సముద్ర శాస్త్రవేత్త అదితీ పంత్. అప్పుడూ ‘తొలి మహిళలు’. 33 ఏళ్ల తర్వాత మంగళామణి వెళితే అప్పుడూ ‘తొలి’, కాకపోతే ‘ఇస్రో నుంచి’ అన్న విశేషణం చేరింది. ఆ మధ్యలో వెళ్లివచ్చిన స్త్రీలెవరు? రెండో ఆమె, ఏడో ఆమె ఎవరు? ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు. ‘తొలి మహిళ’ అన్న బిరుదు ఒక స్త్రీని మిగిలిన స్త్రీల నుంచి విడదీసి ఎత్తైన పీట మీద కూచోబెడుతుంది. ఆమె వెళ్లగలిగింది కాబట్టి వెళ్లలేకపోయినవాళ్లది వాళ్ల లోపమే అనిపిస్తుంది. తలుపు ఎవరు, ఎందుకు, ఎన్నేళ్లు మూసి ఉంచారన్నది కథలోంచి జారిపోతుంది.

ఆ తలుపు నిజంగానే మూసి ఉంది. 1969 వరకు అమెరికా నావికాదళం తమ దేశపు స్త్రీ శాస్త్రవేత్తలను అంటార్కిటికాకి తీసుకెళ్లడానికి ఒప్పుకోలేదు. ఆ ఏడాది లోయిస్ జోన్స్ నాయకత్వాన ఒహాయో నుంచి నలుగురు స్త్రీలు వెళ్లారు. నవంబరు 11న దక్షిణ ధ్రువం దగ్గర ఆరుగురు స్త్రీలు విమానంలోంచి చేతులు కలుపుకుని ఒకేసారి దిగారు. ఏ ఒక్కరూ ‘తొలి’ కాకుండా! ఆ దృశ్యం మన వార్తల మూసకి మంచి జవాబు.

సుదీప్తా సేన్‌గుప్తానే తీసుకోండి. ఆమె టెన్జింగ్ నార్గే దగ్గర పర్వతారోహణ నేర్చుకున్నారు. లాహౌల్‌లో పేరులేని శిఖరాన్ని స్త్రీలతో కలిసి ఎక్కారు. దానికి తర్వాత ‘లలన’ అని పేరొచ్చింది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, షిర్మాకర్ కొండల శిలల్ని పరిశోధించారు, 1989లో మళ్లీ అంటార్కిటికా వెళ్లారు, 1991లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. ఇది దశాబ్దాల వృత్తి. ‘తొలి అడుగు’ కథ దీన్నంతా 1983లోని ఒక రోజుకి కుదించేస్తుంది.

2016లో మార్క్ కేరీ మరో ముగ్గురితో కలిసి హిమానీనదాల అధ్యయనాన్ని స్త్రీవాద దృష్టితో చూసే వ్యాసం రాశారు. మంచు గురించిన జ్ఞానం ఎవరిది, ఎవరి కొలతకి విలువ అన్నవి అందులో ప్రశ్నలు. అమెరికాలో దాన్ని విపరీతంగా వెక్కిరించారు. మంచుకి ఆడామగా ఏమిటన్నారు! ప్రశ్న మంచు గురించి కాదు, కొలిచేవాళ్ల గురించి.

ఈ చర్చలో గుర్తుకొచ్చే కథ అర్సులా లెగ్విన్ ‘సుర్’ (1982). దక్షిణ అమెరికా స్త్రీలు కొందరు అముండ్‌సెన్ కన్నా ముందే ధ్రువానికి చేరి, ఏ గుర్తూ వదలకుండా తిరిగొచ్చేస్తారు. జెండా పాతే మగ సంస్కృతిపై ఇంత సున్నితమైన ఎగతాళి అరుదు. కానీ ఆ కథతో నాకు ఒక తగువుంది. గుర్తు వదలకపోవడం వాళ్లు ఎంచుకున్నది. వాళ్లు కలిగినవాళ్లు, వెనక ఖర్చు పెట్టేవాళ్లున్నారు. మా ప్రాంతపు స్త్రీలకి గుర్తు లేకపోవడం ఎంపిక కాదు, పుట్టినప్పటినుంచీ ఉన్న స్థితి.

గుంటూరు, ప్రకాశం మిరప కల్లాల్లో మంచంటే పౌషమాసపు రాత్రి ఆరబోసిన కాయల మీద పడేది. పట్టా ఎప్పుడు కప్పాలో, ఎప్పుడు తియ్యాలో, చెమ్మ తగిలి ఏ కాయ తాలు అవుతుందో కూలికొచ్చిన స్త్రీలకి చేతి స్పర్శతోనే తెలుసు. తొడిమలు తీసేది వాళ్లే, తాలు ఏరేది వాళ్లే. వాళ్ల చేతిలోని ఆ తేమ కొలత యార్డులో సరుకు ధరలో కలిసిపోతుంది. దానికి పేరు ఉండదు. మంచు గురించిన జ్ఞానం ఎవరిదన్న ప్రశ్న ఇక్కడికీ వర్తిస్తుంది. ఈ స్త్రీల బిడ్డలకి శాస్త్రం దూరదేశపు సాహసంగా కనబడితే అందులో మన రాతల బాధ్యత కూడా ఉంది.

నిజానికి అంటార్కిటికా అంత దూరమూ కాదు. గోండ్వానా ఖండంలో తూర్పు కనుమలూ తూర్పు అంటార్కిటికా శిలలూ పక్కపక్కనే ఉండేవి. ఒంగోలు చుట్టుపక్కల కొండలు ఆ తూర్పు కనుమల్లోనివే. మంచు కింది నేలను అర్థం చేసుకోవడానికి భూగర్భ శాస్త్రవేత్తలు ఈ కొండల్ని కూడా చదువుతారు. ఈ సంగతి మా జిల్లా ఆడపిల్లకి బడిలో ఎవరు చెబుతారు?

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీలని ‘వీరనారీ’ అని పొగిడి ఊరుకోలేదు. వాళ్ల చేత మాట్లాడించింది. అడవిలో పిల్లల్ని ఏం చేశారు, పోరాటం ఆగాక ఎక్కడికి పోయారు అని అడిగింది. ఆ పద్ధతే శాస్త్రవేత్తల దగ్గరికీ తీసుకెళ్లాలి. పరిశోధన అంశం ఎవరు నిర్ణయించారు? ఏ యాత్రకి పేరు పంపితే తిరిగొచ్చింది? ఇంట్లో ముసలివాళ్ల సేవ ఎవరి వంతు? ఫలితాల మీద ఎవరి పేరు ముందు పడింది? పదోన్నతి ఎప్పుడొచ్చింది? ఈ ప్రశ్నలడిగి, ఆమె చేసిన పనిని పదో తరగతి పిల్లకి అర్థమయ్యే తెలుగులో వివరించే జీవితకథలు కావాలి. మంగళామణితో మొదలుపెట్టవచ్చు. ఆమె దగ్గరే ఆగిపోతే మాత్రం మళ్లీ ‘తొలి మహిళ’ కథే రాసినవాళ్లమవుతాం.