రెండు కుక్కపిల్లలు, ఒక పెరడు

కుక్కపిల్లని తెచ్చుకుందామనుకుంటున్నాం అని నోరు జారితే చాలు, సలహా ఇవ్వనివాళ్లు ఉండరు. నేను ఎక్కువగా విన్నది ఇదీ: "ఒకటెందుకండీ, రెండు తెచ్చుకోండి. ఒకదానికొకటి తోడుంటాయి, మీకు పని తగ్గుతుంది." తోడుంటాయన్న మాట నిజం. పని తగ్గుతుందన్నది మాత్రం శుద్ధ అబద్ధం.

మా వీధి చివరి ఊరకుక్క పెట్టిన పిల్లల్లో రెండు, పాలు మరిచాక మా ఇంటికొచ్చాయి. ఆడది చిట్టి, మగది బంటు. కడియం నర్సరీలకి కూతవేటు దూరంలో కాపురమున్నవాళ్ల ఇంట్లో ఖాళీ నేలంటూ మిగలదు. మా పెరడూ అంతే. అంత పచ్చదనంలో ఎన్ని విషాలున్నాయో కుక్కపిల్ల ఎత్తుకి వంగి చూస్తేగానీ తెలియలేదు.

మొదట పోయింది గన్నేరు. పూజకి పూలిచ్చే చెట్టని మా ఆవిడ బాధపడింది గానీ, దాని ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. ఎండి రాలిన ఆకు నమిలినా గుండె లయ తప్పుతుంది. పచ్చగన్నేరూ ఆ కుటుంబానిదే. తర్వాత గుమ్మం పక్కన దర్జాగా నిలబడ్డ సైకస్. దాని గింజ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనీ ప్లాంటు నమిలితే సాధారణంగా ప్రాణం మీదికి రాదు, నోరు మండి చొంగ కారుస్తూ ఏడుస్తాయంతే. దాన్ని పైకెత్తి వేలాడదీశాం.

మొక్కల కన్నా ఎరువుల మూల ఇంకా ప్రమాదం. ఎముకల పిండి వాసన వాటికి పండగ. అది వేసిన కరివేపాకు కుండీని బంటు ఒక్క మధ్యాహ్నంలో అడుగుదాకా తవ్వేశాడు. ఆముదం పిండి అంతకన్నా చెడ్డది. నూనె తీసేశాక కూడా అందులో రైసిన్ అనే విషం మిగిలే ఉంటుంది, రుచికేమో కుక్కలు ఎగబడి తింటాయి. నత్తలకి చల్లే మెటాల్డిహైడ్ గుళికలూ అంతే. ఇప్పుడు మా ఇంట్లో వేప పిండీ, వర్మీ కంపోస్టూ తప్ప ఇంకోటి లేదు.

కుక్క నడిచే దారిని మనం గీయలేం. గోడవారగా ఒక ప్రదక్షిణ, గేటు నుంచి నూతి గట్టుకి అడ్డంగా ఒక పరుగు, ఈ రెండు దారులూ వచ్చిన వారంలోనే ఖాయం చేసుకున్నాయి. ఆ దారిలో ఉన్న కనకాంబరాల్ని కాపాడదామని కర్రలు పాతడం దండగ. మొక్కల్నే రెండడుగులు లోపలికి జరిపాం. వేసవిలో నేల తవ్వేది అల్లరికి కాదు, చల్లదనానికి. మామిడి కింద ఇసుక పోసి నీళ్లు చిలకరించి, అందులో కారెట్ ముక్క పాతి చూపిస్తే మిగతా మడులకి కాస్త విముక్తి దొరికింది. డ్రిప్ గొట్టాలకి మాత్రం దొరకలేదు. నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, ఆ దురదకి గొట్టమైతేనేం, చీపురైతేనేం. ఒక ఉదయం తెగిన గొట్టం పక్కనే బియ్యపు గింజంత పాలపన్ను కనబడింది. దాన్ని పారెయ్యడానికి మా ఆవిడకి మనసొప్పలేదు.

వాటి మలాన్ని మాత్రం పశువుల పేడలా కూరమడికి వాడకూడదు. ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, కొంకి పురుగులు ఒట్టి కాళ్లతో తిరిగేవాళ్ల చర్మంలోకి దూరతాయి. దూరంగా గొయ్యి తీసి పూడ్చడమే.

ఇంట్లో పెద్ద మార్పు వంటింట్లో వచ్చింది. మిగిలిన కూరన్నం కుక్కకి పెట్టడం మనకి తరతరాల అలవాటు. కానీ మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిదెక్కడ? రెండూ కుక్కల ఎర్ర రక్తకణాల్ని చంపుతాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా పెట్టకూడదు. పాయసంలోంచి తీసిన కిస్‌మిస్‌ని ముద్దుగా పెట్టే తాతలకి ఇది చెప్పి ఒప్పించడం ఓ యజ్ఞం.

ఇక టీకాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి అన్ని టీకాలూ అయ్యేదాకా వీధిలో దించొద్దంటారు. అటు చూస్తే, కుక్కపిల్ల లోకాన్ని భయపడకుండా చూడ్డం నేర్చుకునేది సుమారు మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్యే. మేం చంకనెత్తుకుని తిప్పాం. ఆటో హారను, కూరల బండి కేక, గుడి గంట అన్నీ చంకలోంచే విన్నాయి.

తోడు సంగతికొస్తాను. రెండూ ఒకే బుట్టలో పడుకుని, ఒకే గిన్నెలో తింటుంటే చూడముచ్చటే. కానీ అలాగే వదిలేస్తే వాటికి మనుషులతో పనుండదు. "బంటూ" అంటే ఇద్దరూ చెల్లెలి మొహం, అన్న మొహం చూసుకుంటారు తప్ప మన వైపు తిరగరు. ఒకదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రెండోది ఇల్లు ఎగరగొడుతుంది. దీనికి శిక్షకులు లిటర్‌మేట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అదేదో రోగమని బెంబేలెత్తక్కర్లేదు, అలవాటు చేస్తే పోతుంది. వేరే గిన్నెలు, వేరే పడకలు, రోజూ కాసేపు వేరువేరు షికార్లు. బంటుని నేను ముందు వసారాలో కూర్చోబెడితే, పెరట్లో చిట్టి వీధంతా వినబడేలా ఏడ్చేది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి "ఏం చేస్తున్నారయ్యా దాన్ని?" అని అడిగేవారు. ఇప్పుడు ఎవర్ని పిలిస్తే వాళ్లే వస్తున్నారు.

ఒకవేళ మీ ఇష్టమే చెల్లేదైతే ముందు ఒకదాన్నే తెచ్చుకోండి, అది మాట వినడం నేర్చాక, ఏడాది తిరిగాక రెండోది. లేదూ, మాలాగే ఆడ, మగ కలిపి వచ్చేశాయా, ఆడపిల్ల ఆరు నెలలకే ఎదకి రావచ్చు. అన్నాచెల్లెళ్లన్న వావి వాటికి లేదు. టీకా చీటీ మీదే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను తేదీ కూడా డాక్టరు చేత రాయించుకోండి.