పస్తుంచి పట్టిన జన్యువు

అండమానులోని అబర్డీన్ బజారులో గడియారస్తంభపు పరిసరమున, సముద్రము దాటి వచ్చిన మనవారి తెలుగు వినబడు వీథులలో పావురొట్టెను పొంగించు ఈస్టునకు మనకు లేని యొక శక్తి కలదు. లూసిన్ అను అమైనో ఆమ్లమును అది స్వయముగా నిర్మించుకొనును. మనమో, దానిని చేపనుండియో పప్పునుండియో గ్రహింపవలసినవారము. ఆ నిర్మాణమున మూడవ మెట్టును నడపు ఎంజైమునకు మూలమైన జన్యువు లూ-2. దానిని పట్టుకొన్న విధానము, పరిశోధనశాలలో నేను నేర్చిన విద్యలన్నిటిలోను నాకు మిక్కిలి ప్రియమైనది.

1977లో రాట్జ్‌కిన్, కార్బన్ అను శాస్త్రజ్ఞులు ఈస్టు డీఎన్‌ఏను ఖండించి, ఆ ఖండములను ప్లాస్మిడ్లను చిన్న డీఎన్‌ఏ వలయములకు అతికించి, లూసిన్ చేసికొనలేని ఈ. కోలై బాక్టీరియాలోనికి పంపి, లూసిన్ లేశమైనను లేని ఆగరుపై పరచిరి. పోషణ లేక తక్కిన కణములన్నియు పెరుగుట మానగా, తగిన ఖండము లభించినది మాత్రమే కాలనీయై నిలిచెను. వేలకొలది జన్యువులలో నిదియే యని వేలెత్తి చూపినది సూక్ష్మదర్శిని కాదు, ఆకలి.

అయినను ఆకలి చెప్పు సాక్ష్యమును పరీక్షింపక నమ్మరాదు. లోపము తనంతట తానే సరియై బ్రతికిన కణమును చూచి జన్యువు దొరకెనని భ్రమించుట సులభము. అందుచేతనే 1978లో హిన్నెన్, హిక్స్, ఫింక్ అను శాస్త్రజ్ఞులు లూ-2ను ఈస్టులోనికే మరల ప్రవేశపెట్టినపుడు, ఆ యొక్క జన్యువుననే రెండు దోషములు గల ఈస్టును ఎన్నుకొనిరి. రెండును ఒక్కసారి సరియగుట దాదాపు అసంభవము గదా! ఈ ముందుచూపును నేను ఎంత మెచ్చుకొన్నను తనివి తీరదు.

జన్యువులోని డీఎన్‌ఏ అక్షరముల అనుక్రమమును చదువుట తరువాతి పని. సాంగర్ 1977లో ప్రకటించిన పద్ధతిలో నాలుగు బాటలుగా సాగిన జెల్లుపై, పొట్టి తునకలున్న అడుగునుండి పైకి ఒక్కొక్క యక్షరమే చదువుకొనుచు పోవలెను. లూ-2 నివసించు మూడవ క్రోమోజోము, సుమారు 3,15,000 అక్షరములతో, 1992లో సంపూర్ణముగా చదువబడెను. 1996 నాటికి పదునారు క్రోమోజోములును పూర్తియయ్యెను.

నేడు జన్యువు అక్షరములు ముందు వచ్చి, దాని పని వెనుక తెలియుచున్నది. పాత క్రమమే విద్యార్థికి మేలని నా దృఢాభిప్రాయము. ఇచ్చటి కళాశాలలలో దోషయుక్తమైన ఈస్టు, లూ-2 గల ప్లాస్మిడ్, లిథియం అసిటేట్, 42 డిగ్రీల నీటితొట్టి, లూసిన్ లేని ఆగరు మొదలైనవి సమకూర్చినచో లూ-2ను ఈస్టులోనికి ప్రవేశపెట్టు ప్రయోగము సాధ్యమే. ప్లాస్మిడ్ చేర్చని ప్లేటునొకదానిని తప్పక ప్రక్కన ఉంచవలెను. రెండుమూడు దినములకు అది ఖాళీగా నిలిచిననే ప్లాస్మిడ్ చేర్చినదానిపై మొలచిన కాలనీలను లెక్కింపవలెను.