ఇస్లామీయ ధార్మిక సాహిత్యంలో ఆత్మస్తుతి: మనోవైజ్ఞానిక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆత్మస్తుతిని దోషంగా భావించిన ఇస్లామీయ సంప్రదాయం కొన్ని సందర్భాల్లో దానిని అంగీకరించింది. ఈ రెండింటి మధ్య హద్దును అల్ గజాలీ (1058–1111) ఎలా నిర్ణయించాడో, జలాలుద్దీన్ సుయూతీ (1445–1505) ఆత్మకథను ఆ ప్రమాణంతో ఎంతవరకు అంచనా వేయవచ్చునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆత్మస్తుతి, ఉజ్బ్, రియా, గజాలీ, సుయూతీ, ఆత్మకథ.

1. ఉపోద్ఘాతం

మనుషులు తమ పవిత్రతను తామే చాటుకోరాదని ఖుర్‌ఆన్ 53వ సూరా 32వ ఆయత్ బోధిస్తుంది. 12వ సూరా 55వ ఆయత్‌లో యూసుఫ్ ప్రవక్త తన సంరక్షణ సామర్థ్యాన్నీ జ్ఞానాన్నీ తానే రాజుకు తెలిపి భాండాగారాల బాధ్యతను కోరుతాడు. దైవానుగ్రహాన్ని గురించి చెప్పుకోవాలని 93వ సూరా 11వ ఆయత్ ఆదేశిస్తుంది. ఈ మూడింటినీ కలిపి చదివితే, దోషం మాటలో కాక దాని వెనుక ఉన్న మనఃస్థితిలో ఉన్నదని గ్రహించవచ్చు.

2. గజాలీ విశ్లేషణ

‘ఇహ్యా ఉలూమిద్దీన్’ మూడవ భాగంలో గజాలీ వినాశకర గుణాలను వివరించాడు. మనిషి పొగడ్తను ఇష్టపడటానికి అతడు చెప్పిన నాలుగు కారణాల్లో మొదటిది కీలకమైనది. తన పరిపూర్ణత పట్ల మనిషికి లోలోపల సందేహం ఉంటుంది. పొగడ్త దానిని తొలగిస్తుంది. విషయజ్ఞుడి మెప్పు ఎక్కువ ఆనందాన్నివ్వడానికి కారణం ఇదే. ఈ సూత్రాన్ని ఆత్మస్తుతికి అన్వయిస్తే, అది నిండుదనం కంటే సందేహానికే సూచన అవుతుంది.

అహంకారానికి (కిబ్ర్) పోల్చుకోవడానికి మరొక వ్యక్తి అవసరం. ఆత్మాభిమానానికి (ఉజ్బ్) ఆ అవసరం లేదు. లోకంలో ఒంటరిగా ఉన్న మనిషిలోనూ అది పుట్టగలదు. తనకున్న మేలును గొప్పగా భావిస్తూ దాతను మరచిపోవడమే దాని లక్షణం.

పరనిందను గురించిన అధ్యాయంలో గజాలీ మరింత సూక్ష్మమైన అంశాన్ని గుర్తించాడు. సజ్జనుల తీరును అనుకరిస్తూ తనను తాను నిందించుకునేవాడు కూడా తనను పొగడుకుంటూనే మరొకరిని నిందించవచ్చు. తెలుగువారు ఆత్మస్తుతి, పరనింద అని జంటగా చెప్పే దోషాలు ఇక్కడ వినయం ముసుగులో కలుస్తాయి.

3. సుయూతీ ఆత్మకథ

సుయూతీ తన ఆత్మకథకు 93వ సూరాలోని ఆదేశాన్ని స్ఫురింపజేసే ‘అత్తహద్దుస్ బి నిఅమతిల్లాహ్’ అనే పేరు పెట్టాడు. దైవానుగ్రహాన్ని చెప్పుకోవడం అని దాని అర్థం. తాను ముజ్తహిద్‌ననీ, హిజ్రీ తొమ్మిదవ శతాబ్దపు పునరుద్ధారకుడినని ఆశిస్తున్నాననీ అతడు పేర్కొన్నాడు. తన రచనలను ఏడు తరగతులుగా విభజించి, మొదటి తరగతి వాటికి సాటి లేదన్నాడు. కొన్నింటిని తానే విలువ లేనివిగా పక్కన పెట్టాడు. ‘హుస్నుల్ ముహాదరా’లో గణితం తనకు అత్యంత కష్టమని ఒప్పుకున్నాడు. సమకాలికుడైన సఖావీ ఇతడిని తీవ్రంగా విమర్శించగా, ఇతడూ సఖావీని ఖండిస్తూ ప్రత్యేక రచన చేశాడు.

కనుక ఈ ఆత్మస్తుతిలో కృతజ్ఞత, పండితవివాదంలో ఆత్మరక్షణ, పరఖండన కలగలిసి ఉన్నాయి. శీర్షిక ఘనతను దాతకు ఆపాదిస్తుంది. తరగతుల విభజన దానిని రచయిత వైపుకు మళ్లిస్తుంది. ఈ ఘర్షణే ఆ గ్రంథానికి ప్రాణం.

4. ప్రమాణం, పరిమితి

ఫలితానికి కారణాన్ని మనిషి తనలో వెతుకుతాడా, వెలుపల వెతుకుతాడా అన్న ప్రశ్నను ఆధునిక మనోవిజ్ఞానంలో ఫ్రిట్జ్ హైడర్ (1958) చర్చించాడు. గజాలీ ప్రశ్న దీనికి దగ్గరగా కనిపించినా ప్రయోజనం వేరు. హైడర్ ప్రవర్తనను వివరించాడు. గజాలీ ఆత్మకు చికిత్స చేయదలచాడు. ఆ చికిత్సలో రోగీ, పరీక్షకుడూ ఒక్కరే. పరుల గురించి చెడుగా ఊహించడాన్ని హృదయం చేసే పరనిందగా గజాలీ అదే అధ్యాయంలో నిషేధించాడు. అందువల్ల అతడి ప్రమాణంతో సుయూతీని అహంభావిగా తీర్పు చెప్పే విమర్శకుడు ఆ ప్రమాణాన్నే ఉల్లంఘించినవాడవుతాడు.

5. ముగింపు

ఉద్దేశం విమర్శకుడికి అందదు, వాచకం అందుతుంది. ఎవరిని ఉద్దేశించి, ఏ అవసరం కోసం, ఘనతను ఎవరికి ఆపాదిస్తూ, ఎవరిని తక్కువ చేస్తూ రచయిత తన గురించి చెప్పుకున్నాడన్నవి పరిశీలించదగిన అంశాలు. ఆత్మకథల అధ్యయనంలో మనోవైజ్ఞానిక విమర్శ ఈ పరిధిలో నిలిచినప్పుడే రచయితకు రోగనిర్ధారణ చేసే పని మాని రచనను వివరించగలుగుతుంది.