ఆయిలింజన్, తైవాన్ స్ప్రేయర్

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట వైపు వేరుశనగ రైతుకు రెండు చిన్న ఇంజన్లతో పరిచయం ఎక్కువ. ఒకటి బావుల కాలం నాటి ఐదు హార్స్‌పవర్ ఆయిలింజన్. రెండోది వీపుకు తగిలించుకుని మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్. ఏది ఎంత పని చేస్తుందన్నది కంపెనీవాళ్లే చెబుతారు. ఏది ఎలా మొరాయిస్తుంది, అప్పుడు రైతు చేతిలో ఏముంటుంది అన్నదే ఇక్కడ తేల్చుకోవాలి.

ఆయిలింజన్ తన జబ్బు దాచుకోదు. నల్లపొగ వస్తే గాలి ఫిల్టరు పూడిందనో, లోడు ఎక్కువైందనో అర్థం. నీలిపొగ వస్తే రింగులు అరిగి ఆయిల్ మండుతోందన్నమాట. ట్యాంకు ఖాళీ అయి ఆగిపోతే గొట్టాల్లో గాలి పడుతుంది. డీజిల్ ఫిల్టరు మీది స్క్రూ వదులు చేస్తే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి చిక్కటి ధార. అప్పుడు బిగించి, ఇంజెక్టర్ పైపు నట్టు దగ్గర కూడా అలాగే గాలి వదిలి, డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పాలి. వేగం అందుకోగానే లివర్ దించితే చాలు. రెండు పానాలుంటే పొలంలోనే అయిపోయే పని ఇది.

దాన్ని ఓడించింది రిపేరు కాదు, నీటి లోతు. గట్టు మీది పంపు ఆచరణలో ఏడు మీటర్లకు మించి నీటిని పీల్చలేదు. మట్టం దిగేకొద్దీ ఇంజన్‌ను బావిలోకి దించుకుంటూ పోయారు. పైగా చాలా ఇంజన్లు చల్లబడేది ఆ పంపు నీళ్లతోనే. బావి అడుగంటితే పైరు ఎండడంతో పాటు ఇంజనూ వేడెక్కేది. బోర్లు, 2004లో ఉచిత కరెంటు వచ్చాక రాజ్యం సబ్‌మెర్సిబుల్ మోటార్లది. అయినా 2016లో ఎండుతున్న వేరుశనగకు రెయిన్‌గన్లతో రక్షక తడులు ఇచ్చినప్పుడు, కరెంటు లేని పంట కుంటల దగ్గర మళ్లీ డీజిల్ ఇంజన్లే దిక్కయ్యాయి.

స్ప్రేయర్ సంగతి వేరు. దాని జబ్బు పనిలో కంటే ఖాళీలో ముదురుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఒక్క కారు ముగిస్తే అది నెలల తరబడి మూలన పడి ఉంటుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరై, కార్బురేటర్ సన్నరంధ్రాల్లో జిగురు కడుతుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం. పాత రకం రబ్బరు పొరలు దానికి తట్టుకోవు. తాడు లాగి లాగి భుజం నొప్పెట్టేకంటే ప్లగ్గు విప్పి చూడటం మేలు. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిగా ఉంటే నిప్పురవ్వ లేదు, లేదా చోక్ ఎక్కువైంది. కార్బురేటర్ లోపలిది మాత్రం కంటికీ చెవికీ అందదు. అక్కడ రైతు మెకానిక్ చేతికి చిక్కుతాడు.

మరమ్మతు విషయంలో నా ఓటు ఆయిలింజన్‌కే. అలాగని స్ప్రేయర్‌ను చిన్నచూపు చూడలేను. కూలీలు దొరకని రోజున ఒక్క మనిషే మోసుకెళ్లి పైరంతా మందు కొట్టగలగడం చిన్న మేలు కాదు. నా తగాదా దాన్ని అమ్మే పద్ధతితో. కొన్ని మిషన్లకు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి, కొన్నిటికి 20. తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. ఆ కొలత ట్యాంకు మీదే తెలుగులో అచ్చువేసి ఉండాలి. ఆఖరి మందు కొట్టాక పెట్రోలు ట్యాంకు ఒంపేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపి, ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేయాలన్నది కొన్న రోజునే దుకాణంలో చేసి చూపించాలి.