ఒత్తుగా ఎక్కిస్తే పట్టు చిక్కదు

ఈ వారం ఒక పీహెచ్‌డీ సెమినార్‌లో విన్న మాట మింగుడుపడలేదు. "అయస్కాంత నానో కణాల మీద డీఎన్‌ఏ ఎంత ఎక్కువ ఎక్కితే అంత మంచిది సార్" అన్నాడు కుర్రాడు. నలుగురూ తలాడించారు.

కణం మీది డీఎన్‌ఏ పోగు తనకు సరిపడే జతపోగును ద్రవంలోంచి పట్టుకోవాలి. పని చూడ్డానికి తేలికే. ట్యూబులో గోధుమరంగు ద్రవం. పక్కన అయస్కాంతం పెడితే కాసేపటికి రంగంతా ఒక గోడకు చేరి, మిగతాది తేటపడుతుంది. పిపెట్ మొన ఆ మరకకు తగలకుండా తేటను లాగేయాలి. అయస్కాంతం తీసి బఫర్ పోస్తే కణాలు మళ్లీ విడిపోతాయి. లోపలి ఐరన్ ఆక్సైడ్ రేణువులు కొద్ది నానోమీటర్లే కాబట్టి, అయస్కాంతం దూరమవగానే వాటి ఆకర్షణా పోతుంది.

నా పాత పాట పాఠకులకు తెలిసిందే: ప్రయోగంలో సగం కడగడమే. అన్ని కడుగుళ్లకు నిలవాలంటే అతుకు గట్టిగా ఉండాలి. అందుకే డీఎన్‌ఏ చివర బయోటిన్ తగిలించి, కణం మీది స్ట్రెప్టావిడిన్‌కు అప్పగిస్తారు. ఆ పట్టు అంత సులువుగా వదలదు.

అయస్కాంత పూసల మాటొస్తే నార్వే శాస్త్రవేత్త జాన్ ఉగెల్‌స్టాడ్‌ను తలచుకోవాలి. ఒకే సైజు పాలిస్టైరీన్ పూసలు భారరహిత స్థితిలోనే సాధ్యమనుకునే రోజుల్లో, 1976లో ట్రాండ్‌హైమ్‌లో నేల మీదే చేసి చూపించారాయన. వాటిలో ఐరన్ ఆక్సైడ్ నింపితే డైనాబీడ్స్ పుట్టాయి. అవి మైక్రాన్ల సైజువి. నానో కణాలకు పెద్దన్నలు. ఆయన ఇచ్చిన వరం సమానత్వం. పూసలన్నీ ఒక్కలా ఉంటేనే, ఒక్కోదాని మీద ఎంత డీఎన్‌ఏ ఎక్కిందన్న లెక్కకు అర్థం.

ఆ లెక్క దగ్గరే సెమినార్ మాట తేలిపోతుంది. డీఎన్‌ఏ పోగుకు ఒళ్లంతా రుణావేశం. కిక్కిరిసిన చోటికి జతపోగు వస్తే ఆ ఆవేశాలే దాన్ని వెనక్కి నెడతాయి. బఫర్‌లో ఉప్పు పెంచితే ఆ నెట్టుడు తగ్గుతుంది గానీ, చోటు పుట్టదు. ఒత్తుగా వేసిన నాటు దుబ్బు కట్టదని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే కొందరు పోగు మొదట్లో వరసగా కొన్ని థైమిన్లు కలిపి, పట్టే భాగాన్ని కణానికి కాస్త ఎడంగా నిలుపుతారు.

చోటివ్వని కణం మీద ఎంత గట్టి అతుకైనా, ఎంత ఓపికగా కడిగినా ఫలితం సున్నా. నా పాత పాటకు ముందు ఈ చరణం చేరాల్సిందే.

పరిశోధక విద్యార్థులకు ఒక్క విన్నపం. డీఎన్‌ఏ మోతాదును మెట్లుమెట్లుగా మార్చి చూడండి. ఎంత ఎక్కిందో, అందులో ఎంత జతకట్టిందో రెండూ రాయండి. రెండో లెక్క లేని రిపోర్టును నమ్మకండి.