గాలికొండ మీద రెండు సెట్లు

“ఆ ఇటుకరాయిని ఇంకా మోస్తున్నారా మాస్టారూ?” అన్నాడు మొన్న మా హామ్ రేడియో కుర్రాడు. మనసు చివుక్కుమంది. వాడన్నది నా చేతి వైర్‌లెస్ సెట్టు ఐకామ్ ఐసీ-2ఏటీని. 1980ల నాటిది. బొటనవేలితో చిన్న చక్రాలు తిప్పి ఫ్రీక్వెన్సీ పెట్టుకోవాలి. శక్తి ఒకటిన్నర వాట్లు. వాడి బావోఫెంగ్ యూవీ-5ఆర్‌ది నాలుగైదు వాట్లు. తేల్చుకుందామని ఆదివారం అరకు ఎక్కాం.

పద్మాపురం తోటల దగ్గర వాడు, వలిసె చేల గట్ల మీద నేను. రెండు సెట్లూ సమానంగానే పలికాయి. మూడు రెట్ల శక్తి అంటే ఐదు డెసిబెల్సే, సిగ్నల్ బలం చూపే మీటరు మీద ఒక్క ఎస్-పాయింటు కూడా కాదు. కొండ అడ్డొచ్చినచోట రెండూ ఒకేసారి మూగబోయాయి.

తేడా గాలికొండ మీద బయటపడింది. వాడు ఆ రెండు సెట్లూ నా చేతికిచ్చి, మరో సెట్టుతో సుంకరమెట్ట వైపు దిగాడు. పైన నాకు మైదానం దాకా అడ్డే లేదు, ఎక్కడెక్కడి ట్రాన్స్‌మిటర్లో వచ్చి మీద పడతాయి. కొత్త సెట్టులో రిసీవరంతా ఒకే చిప్పు. ఆ హోరులో వాడి గొంతు మునిగిపోయింది. ఐకామ్‌ది సూపర్‌హెటిరోడైన్. అంచెలంచెలుగా వడగట్టి ఆ సన్నని గొంతును తేటగా వినిపించింది. నా ఆనందం చెప్పలేను. రబ్బరు యాంటెన్నా తీసి 49 సెంటీమీటర్ల కడ్డీ తగిలిస్తే మాత్రం రెండు సెట్ల తీరూ మారిపోయింది. సెట్టు కన్నా యాంటెన్నా ముఖ్యమని నేను ఏళ్లుగా పోరుతున్నది ఇందుకే.

దిగేటప్పుడు అనంతగిరి కాఫీ తోటల దగ్గర టీకి ఆగాం. కొట్టు పెద్దాయన హుద్‌హుద్ తుపాను కబుర్లు ఎత్తాడు. 2014 అక్టోబరు 12. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు వరసలు వరసలుగా కూలాయి. వాటితోపాటు మిరియాల తీగలూ పోయాయి. విశాఖలో ఫోన్లు మూగబోతే హామ్‌లు కబుర్లు చేరవేసిన రోజులవి. కొండమీది మనుషులు బతికున్నారో లేదో కిందివాళ్లకు తెలిసే దారి లేదు. ఆయన చెబుతూ చెబుతూ కాసేపు ఆగిపోయాడు. టీ చల్లారింది.

అప్పుడు తట్టింది నాకు. ఆ రోజు టవర్లే పడిపోయాయి. గాలిలో హోరు లేనప్పుడు నా ఐకామ్ వడగట్టడానికేముంది? గాలికొండ మీద కొత్త సెట్టును ముంచిన బలహీనత, అది అక్కరకొచ్చే రోజున ఉండనే ఉండదు. పైగా నా పాత బ్యాటరీ పూటైనా నిలవదు, కొత్తది దొరకడం కష్టం. ఒక్క ఐకామ్ కోసం వెతికే డబ్బుతో లైసెన్సున్న నలుగురి చేతికి నాలుగు సెట్లివ్వొచ్చు.

ఈ తుపానుల కాలానికి సంచిలో బావోఫెంగే సర్దుకున్నాను, 49 సెంటీమీటర్ల కడ్డీతో సహా.